పసుపు కుంకుమ కింద మిలిటరీ లారీ

రెండు వేల మూడు, గోదావరి పుష్కరాలొచ్చిన ఏడు. ఎండాకాలం మరమ్మతులకని కాలవలు కట్టేసిన వారానికే మా అన్నయ్య నాకు లారీ ఇచ్చాడు. ఇచ్చాడంటే చెల్లెలి మీద ప్రేమ పొంగుకొచ్చి ఇచ్చాడనుకునేరు. పొట్ట పట్టుకుని నవ్వుతూ ఇచ్చాడు.

నాన్నగారు వెంకటరాజు గారు ఆ ముందు కార్తీకంలో పోయారు. పాలకొల్లు దగ్గర మా పుట్టింట్లో పంపకాలు పెట్టుకున్నారు. పంపకాలంటే పెద్ద లెక్కలేం లేవు. కొడుకు ఒక్కడే, మా అన్నయ్య జీవరాజు. కూతుర్ని నేనొక్కదాన్నే, రత్నమాణిక్యం. నన్ను పిలిచింది సంతకం కోసం. మా వైపు పద్ధతి అది. ఆడపిల్లకి పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఏదో ఒకటి ఇస్తామంటారు. తండ్రి పోయాక ఆ పిల్ల వచ్చి, నాకింకేం వద్దని సంతకం పెట్టి, పెట్టిన చీర కట్టుకుని, భోంచేసి వెళ్లిపోతుంది. చట్టం మారిందని పేపర్లో వచ్చి చాలా ఏళ్లయింది గాని, అది మా వీధి మలుపు ఇంకా తిరగలేదు.

నా పెళ్లికి పసుపు కుంకుమ కింద నాన్నగారు ఇస్తానన్న ముక్క నేల వచ్చే పంటకి, ఆ పై పంటకి అని జరిగి జరిగి అలాగే ఉండిపోయింది. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన మర్యాదకి, అమ్మాయికి ఏమైనా కావాలేమో అడగండి జీవరాజు గారూ అన్నారు. అన్నయ్య నా వైపు తిరిగి, అడుగు చెల్లాయ్, పట్టుచీరా, మంగళగిరి చీరా అన్నాడు.

"మకాంలో ఉన్న లారీ కావాలి అన్నయ్యా. నాన్నగారిస్తానన్న పసుపు కుంకుమ కింద అదివ్వు. సంతకం పెట్టేస్తాను."

అరుగు మీద కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కసారిగా నవ్వులు. మకాం అంటే కాలవ అవతల పొలంలో పశువులకీ, గడ్డికీ వేసుకున్న పాక. ఆ పాకలో ఇరవై ఏళ్లకి పైగా ఒక మిలిటరీ లారీ పడి ఉంది. కాలవ మీద చెక్కల వంతెన ఉన్న రోజుల్లో అటు వెళ్లింది. వరదకి ఆ వంతెన పోయింది. మళ్లీ మనుషులు నడవడానికి కొబ్బరి దుంగలు వేశారు గాని లారీకి దారి వెయ్యలేదు. అప్పటికే నాన్నగారు కొత్త డీజిలు లారీ కొన్నారు. పాతది అక్కడే ఉండిపోయింది. దాని తొట్టిలో కోళ్లు పొదిగేవి. పాలేళ్లు దాని తలుపు మీద తువ్వాళ్లు ఆరేసుకునేవాళ్లు.

అన్నయ్యకి హుషారెక్కువ. ఊరికే సరేననలేదు. ఇంట్లోంచి పళ్లెం తెప్పించి, అరుగు మీద ఉన్నవాళ్లందర్నీ వెంటేసుకుని, దుంగలు దాటించి మకాం దగ్గరికి తీసుకెళ్లాడు. లారీ మూతికి పసుపు రాశాడు. కుంకుమ బొట్లు పెట్టాడు. స్టీరింగుకి రవికెలగుడ్డ చుట్టి, సీటు మీద తాంబూలం పెట్టాడు. ఇదిగో చెల్లాయ్, నీ పసుపు కుంకుమ అన్నాడు. అందరూ మళ్లీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే అసలు మాట కూడా చెప్పేశాడు. ఆ పొలం చేపల చెరువుకి బేరం కుదిరిపోయిందట. కాలవకి నీళ్లొదిలే లోపు నేల ఖాళీ చేసి అప్పగించాలి. ఆ లోపు లారీ నేను తీసుకుపోతే సరేసరి, లేదంటే పాత ఇనుము కొనేవాళ్లని పిలిచి ముక్కలు కోయిస్తానన్నాడు.

నేను ఆ లారీ బానెట్ మీదే కాగితం పెట్టుకుని సంతకం చేశాను. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ ఇంట్లో నాన్నగారి చెయ్యి నిజంగా పడిన వస్తువు అదొక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని ఇంత మంది నవ్వడం నేను భరించలేకపోయాను.

మా ఆయన గంగరాజు గారు నెమ్మదస్తుడు. నా మీద కోపమొచ్చినా గారు పెట్టే పిలుస్తారు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "అరెకరం అడిగి ఉంటే దున్నుకునేవాళ్లం కదా మాణిక్యం గారూ. దీన్ని ఏం చేసుకుంటాం" అన్నారు.

"నడుపుతాను" అన్నాను.

ఆయన పెరుగన్నం కలుపుకున్నారు. పొద్దున్నే లేచి ట్రాక్టర్లు బాగుచేసే చిట్టియ్యని పిలిపించారు. అదీ ఆయన.

నాన్నగారు కుర్రతనంలో ఇంట్లో చెప్పకుండా మిలిటరీలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం కొండల్లో లారీ తోలారు. బియ్యం, మందుగుండు పైకి తీసుకెళ్లడం, దెబ్బలు తిన్నవాళ్లని కిందికి తీసుకురావడం. యుద్ధం అయిపోయాక సర్కారు ఆ లారీలన్నీ మైదానాల్లో వరసగా నిలబెట్టి వేలం వేస్తే, మా నాయనమ్మ మెళ్లోది తాకట్టు పెట్టించి ఒకటి కొన్నారు. ధాన్యం మిల్లులకి తోలారు. ఇటుక తోలారు, పెళ్లివారిని తోలారు, పురిటి నొప్పులు పడుతున్న వాళ్లని పాలకొల్లు ఆసుపత్రికి చేర్చారు. చూడ్డానికి అందమైన బండేం కాదు. ముక్కు చప్పగా నొక్కేసినట్టుంటుంది. ముందు అద్దం అన్ని లారీల్లా వెనక్కి వాలి ఉండదు, పైన ముందుకొచ్చి కింద లోపలికి పోతుంది. పైనించి విమానాలకి మెరుపు కనపడకుండా అలా పెట్టారని నాన్నగారు చెప్పేవారు. కోతలైపోయిన చేలల్లో నాకు తోలడం నేర్పింది ఆ బండి మీదే. అన్నయ్య అప్పుడు భీమవరం హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. సెలవులకొస్తే ఆ లారీ ఎక్కడానికి నామోషీ పడేవాడు.

చిట్టియ్య వచ్చి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూసి, వెంటనే తీర్పు చెప్పేశాడు. ఇంజను పట్టేసిందనీ, జన్మలో తిరగదనీ. అయినా మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ప్లగ్గులు తీసి ఆ కన్నాల్లో కిరసనాయిలు పోసి నానబెట్టాం. రోజూ వచ్చి ఇంజను ముందు దూర్చే ఇనప హ్యాండిలుతో తిప్పి చూసేవాడు, తిరగదని చెప్పాను కదండీ అని గొణిగేవాడు, మళ్లీ కిరసనాయిలు పోసేవాడు. పదో రోజో ఎన్నో రోజో గుర్తు లేదు, నేను ఆ హ్యాండిలు మీద నా బరువంతా వేసి వేలాడితే లోపల ఎక్కడో టక్కుమని వదిలింది. చిట్టియ్య ఆ చప్పుడు విని, పోనీలెండి, తిరిగితే తిరిగింది గాని స్టార్టవదు అన్నాడు. ఆ మనిషితో నేను ఆ వేసవంతా అలాగే పనిచేశాను.

ఎండలు మండిపోతున్నాయి. కాలవ అడుగున బురద ఎండి పెంకులు లేచిపోయింది. పిల్లలు అందులో క్రికెట్ ఆడుతున్నారు. విజయవాడ ఆటోనగర్లో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి మా ఆయన టైర్లు పట్టుకొచ్చారు. వాటిని ఆ కాలవ అడుగున దొర్లించుకుంటూ మకాంకి చేర్చాం. తీగలన్నీ ఎలకలు కొరికేశాయి. రేడియేటర్లో కందిరీగలు గూడు పెట్టాయి. నేను చీర కొంగు బిగించి, నాన్నగారి పాత చొక్కా పైన తొడుక్కుని బండి కిందికి దూరేదాన్ని. బంధువులు మా ఆయన్ని పరామర్శించడం మొదలుపెట్టారు. ఇంట్లో అంతా బాగానే ఉందా అండి, ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది అని. ఆయన, చాలా బాగుందండి, నిన్ననే క్లచ్ ప్లేటు మార్చింది అని చెప్పేవారు.

ఒక్కో తలుపూ గీకుతుంటే రంగులు బయటపడ్డాయి. ప్రతి దసరాకి పూజ ముందు నాన్నగారు కొత్త రంగు వేయించేవారు. నీలం కింద ఎరుపు, ఎరుపు కింద మళ్లీ నీలం, దానికింద పచ్చి ఆకు రంగు. అట్టడుగున మాసిన మిలిటరీ రంగు, దాని మీద తెల్లటి అంకెలు. ఆ అంకెలు చూశాక నాకు కుదురు పోయింది. ఈ బండి మా ఇంటికి రాకముందు ఎక్కడ పుట్టిందో, ఏ దారులు తొక్కిందో తెలుసుకోవాలనిపించింది. నాన్నగారు బతికుండగా అడగవలసినవన్నీ అడగలేదు. పాలకొల్లులో అప్పుడే నెట్ సెంటర్లు వచ్చాయి. నేను వెళ్లి ఒక కంప్యూటరు ముందు కూర్చుంటే అక్కడి అమ్మాయి అమెరికా ఫోన్ కోసం వచ్చాననుకుంది. మిలిటరీ లారీ బొమ్మలు వెతకాలన్నాను. ఇద్దరం కలిసి రోజుల తరబడి వెతికాం. ఒక రోజు సరిగ్గా మా నొక్కు ముక్కు లారీయే తెర మీద మెల్లగా, పైనుంచి కిందికి, దిగుతూ వచ్చింది. ఇసకలో నిలబడి ఉంది, పక్కన టోపీల సైనికులు. నేను ఆ తెర మీద చెయ్యి వేశాను.

అలాంటి బండ్లు పోగుచేసి బాగుచేసే ఒకాయన హైదరాబాదులో ఉన్నారని ఆ వెతుకులాటలోనే తెలిసింది. పేరు శశిభూషణ్ గారు. నేను ఫోటోలు పంపితే ఆయన జవాబు రాయడం కాదు, నాలుగో రోజుకి రైలు దిగి వచ్చేశారు. తెల్ల ప్యాంటు వేసుకొచ్చిన మనిషి ఆ ప్యాంటుతోనే బండి కింద పడుకున్నారు. బయటికొచ్చాక ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ఈ బండి కెనడాలో తయారైందని, ఓడ మీద వచ్చి ఉంటుందని, మన దేశంలో ఇంత నిండుగా మిగిలినవి చాలా తక్కువని చెప్పారు. నేను నోరు తెరుచుకుని విన్నాను. మా పశువుల పాకలో ఉన్నది సముద్రాలు దాటి వచ్చిందన్నమాట.

తర్వాత ఆయన లోపలికెక్కి, డ్యాష్‌బోర్డు మీది ఇత్తడి రేకు చూసి చిన్నగా నవ్వారు. ఆ రేకు మీద మూడు గీతల నామం ఉంటుంది. నాకు జ్ఞానం వచ్చినప్పటి నుంచీ అమ్మ శనివారం శనివారం దానికి బొట్టు పెట్టడం చూశాను. పసుపు పేరుకుపోయి కింది అక్షరాలు కనపడవు.

"ఇది నామం కాదండి. బాణం గుర్తు. బ్రిటిష్ మిలిటరీ వాళ్ల వస్తువులన్నిటి మీదా ఉంటుంది, ఇది ప్రభువుల వారి సొత్తు అని. బాణం మొన పైకి ఉండాలి. ఎవరో తెలియక రేకు తలకిందులుగా బిగించేశారు. పల్లెటూళ్లలో పాపం నామం అనుకుని ఉంటారు" అన్నారాయన. వెటకారంగా అనలేదు, ముద్దుగానే అన్నారు. ఆ ముద్దు నాకు ఇంకా గుచ్చుకుంది.

మా అమ్మ సూరమ్మ ఆ రోజు మకాంలోనే ఉంది. అన్నయ్య దగ్గరే ఉండేది గాని, మధ్యాహ్నాలు రిక్షా కట్టించుకుని కాలవ దాకా వచ్చి, నేను చెయ్యి పట్టుకుంటే దుంగలు దాటి, పాకలో మంచం మీద కూర్చునేది. పరాయి మగవాళ్లతో ముఖాముఖి మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు. గడ్డి వామి వైపు తిరిగి కూర్చుని, నాతో అంటున్నట్టుగా ఆయనకి వినపడేలా అంది.

"తెలియక కాదని చెప్పవే అమ్మాయీ ఆయనకి. మీ నాన్న బండి ఇంటికి తోలుకొచ్చిన రోజు, అన్నం కూడా తినకుండా ముందు ఆ రేకు ఊడదీసి తిప్పి బిగించారు. నామంలా ఉందండీ అన్నాను నేను. అలాగే అనుకో, బొట్టు కూడా పెట్టుకో, ఇది మాత్రం ఇక ఏ ప్రభువుదీ కాదు అన్నారు."

నాన్నగారికి దేవుడి మీద అంత భక్తి ఎప్పుడూ లేదు. గుడికి వెళ్తే బయట నిలబడి బీడీ కాల్చుకునే మనిషి. ఆ రేకుని అంత శ్రద్ధగా ఎందుకు తుడిచేవారో నాకు అప్పటిదాకా తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్రీజు చేతులతో తుడుచుకోలేక అలాగే ఊరుకున్నాను.

శశిభూషణ్ గారు పెద్దమనిషి. తొందరపడి అన్నాననీ, క్షమించమనీ అమ్మ వైపు తిరక్కుండానే అన్నారు. వెళ్లే ముందు బండి అమ్ముతారా అని నన్నడిగారు. కొంటే ఆ రంగులన్నీ గీకేసి, అంకెలు మళ్లీ వేయించి, యుద్ధంలో ఎలా ఉందో అచ్చం అలా చేస్తారట. ఆయన తప్పు లేదు, ఆయన పద్ధతి అది. రేకు కూడా తిప్పాలి కదండీ అన్నాను. తిప్పాలండి, లేకపోతే తప్పు కదా అన్నారు.

"మిలిటరీ వాళ్లు దీన్ని నాలుగేళ్లు తోలారేమో. మిగతాదంతా మేం తోలామండి. అమ్మను" అన్నాను. ఆయన వాదించలేదు. హైదరాబాదు వెళ్లాక ఇంజనుకి పెట్రోలు అందించే పంపులోని పొర ఒకటి, మరెక్కడా దొరకనిది, పార్సిల్ చేసి పంపించారు. అది వేశాకే బండి పలికింది. ఒక సాయంత్రం పొగ పాకంతా కమ్మేసి, కోళ్లు అరుస్తూ పరిగెత్తి, ఇంజను దగ్గి దగ్గి చివరికి కుదురుగా ఒక ఊపందుకుంది. స్టార్టయింది గాని గేరు పడదు అన్నాడు చిట్టియ్య. పడింది.

హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి జీవరాజు గారి చెల్లెలి లారీకి బేరం పెట్టాడన్న వార్త టీ కొట్టు దగ్గర బయల్దేరింది. కొట్టు మారినప్పుడల్లా ధర పెరిగింది. మా అన్నయ్య చెవికి చేరేసరికి ఆ డబ్బుతో ఊరు కొనేసేటట్టుంది. మర్నాడే మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు. మామిడిపళ్లు తెచ్చాడు. నా చిన్నప్పటి ముచ్చట్లు రెండు చెప్పాడు. ఆఖరికి విషయంలోకి వచ్చాడు. అది నాన్న గుర్తట. నాన్న గుర్తు ఇంటి కొడుకు దగ్గర ఉండటం ధర్మమట. ఆడపిల్లతో వెళ్తే ఇంకో ఇంటిపేరు కిందికి పోతుందని బంధువులు అంటున్నారట. కావాలంటే నేను పెట్టిన ఖర్చు ఇచ్చేస్తాడట.

"పసుపు కుంకుమ నువ్వే పెట్టావు కదన్నయ్యా. అందరూ చూశారు" అన్నాను.

"నవ్వులాటకి పెట్టానే."

"నేను నవ్వలేదు."

అన్నయ్య మొహం మాడిపోయింది. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకి ఇచ్చింది వెనక్కి తీసుకున్న మగవాడి ఇంటికి మా వాళ్లలో ఎవరూ భోజనానికి కూడా వెళ్లరు. ఆ సంగతి నాకంటే తనకి బాగా తెలుసు. సరదా కోసం అంత మంది ఎదట తనంతట తనే కుంకుమ పెట్టి ఇరుక్కుపోయాడు. మా ఆయన వైపు చూసి, మీరైనా చెప్పండి బావగారూ అన్నాడు. మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "నాకు దాంట్లో కూర్చునే చోటిస్తే చాలండి. అంతకుమించి నా మాట చెల్లదు" అన్నారు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మనిషి మీద నాకంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

అన్నయ్య లేచి చెప్పులేసుకుంటూ, నీళ్లొదిలే రోజు దగ్గర పడింది, ఆ రోజుకి అది ఇంకా నా నేల మీదే ఉంటే పసుపూ లేదు కుంకుమా లేదు అని వెళ్లిపోయాడు.

ఇక ఊపిరాడలేదు. బ్రేకులు ఒక కొలిక్కి వచ్చేసరికి రోహిణి వెళ్లిపోయింది. చుట్టూ చూసుకుంటే బండి వెళ్లడానికి ఒకటే దారి, గేదెలు దిగే రేవు. అటు గట్టున దిగి, కాలవ అడుగున నడిచి, ఇటు గట్టు రేవులో ఎక్కాలి. ఒకసారి నీళ్లొచ్చాయంటే ఇక ఏడాది దాకా అంతే. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తారన్న కబురు వచ్చిన రోజు పొద్దున్నే మేం బండిని పాకలోంచి బయటికి తీశాం. సాయంత్రానికి మా లాకు దగ్గరికి నీళ్లొస్తాయన్నారు.

మేం ఒక్కళ్లమే కాదు, ఊరూ వచ్చింది. గట్టు మీద సంతలా ఉంది. అన్నయ్య ట్రాక్టరు మీద వచ్చాడు, ఇనుప గొలుసుతో, ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తిన్నగా నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి. నాన్న బండి, నేను తోలుకుపోతాను."

"తాళం లేదన్నయ్యా."

"దాస్తే ఊరుకోను."

"దాచడం కాదు. ఈ బండికి తాళమే ఉండదు. యుద్ధంలో డ్రైవరు పడిపోతే పక్కనున్నవాడు ఎక్కి తోలాలి. తాళం పోయినవాడి జేబులో ఉండిపోతే ఎలా అని పెట్టలేదు. స్విచ్చి ఎత్తడమే. ఎవరైనా తోలుకోవచ్చు. తోలుకో, నేను అడ్డం రాను."

చిట్టియ్య నోరు తెరవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నిజంగానే పక్కకి తప్పుకుని నిలబడ్డాను. అన్నయ్య తోలుకుపోతే ఆ మాట నేను వెనక్కి తీసుకోలేను.

అన్నయ్య ఎక్కాడు. స్విచ్చి ఎత్తాడు. ఏమీ అవలేదు. ఒక్కో బొత్తామూ లాగి చూశాడు. ఒకటి నొక్కితే హారన్ మోగింది. గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. స్టార్టరు కాలి కింద ఉంటుందని తెలిసేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎలాగో ఇంజను అంటుకుంది. మొహం వెలిగింది. క్లచ్ తొక్కి గేరు వేశాడు. ఆ బండికి క్లచ్ రెండుసార్లు తొక్కాలి, మధ్యలో ఇంజను మాట వినాలి. గేరు కర్రుమని, బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ చేశాడు, మళ్లీ ఆగింది. గట్టు మీద నవ్వులు మొదలయ్యాయి. నాకు నవ్వు రాలేదని అబద్ధం చెప్పను, పళ్ల బిగువున ఆపుకున్నాను. కిందికి దిగేటప్పటికి అన్నయ్య ఎవరి మొహమూ చూడలేదు. చూసి ఉంటే అక్కడితో ఆగేవాడేమో. ట్రాక్టరు వైపు తిరిగి, గొలుసు కట్టండ్రా అన్నాడు.

ఆ మనుషులు గొలుసు ఈడ్చుకుంటూ బండి ముందుకి వచ్చారు. నేను వెళ్లి దానికి అడ్డంగా నిలబడాలనుకున్నాను. అంతలో పొద్దుటి నుంచీ పాకలో మంచం మీద కూర్చున్న అమ్మ లేచి వచ్చింది. చిట్టియ్యని పీట తెమ్మంది. పీట మీద కాలు పెట్టి, తలుపు పట్టుకుని, ఆయాసపడుతూ, ఎవరి సాయమూ అడక్కుండా, బండి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

ఇది ఎంత మాటో ఆ గట్టు మీద ఉన్న మా వాళ్లందరికీ తెలుసు. మా ఇళ్లల్లో ఆవిడ కాలం ఆడవాళ్లకి గోషా. సొంత లారీలో కూడా ఆవిడ ఏ రోజూ ముందు కూర్చోలేదు. నర్సాపురం వెళ్లినా, అంతర్వేది తీర్థానికి వెళ్లినా, వెనక తొట్టిలో టార్పాలిన్ దించేసి, ఆ చీకట్లో కూర్చుని వెళ్లి, ఆ చీకట్లోనే తిరిగొచ్చేది. గోషా పోయి చాలా కాలమైనా అలవాటు పోలేదు. వీధి గుమ్మంలో కూడా తలుపు చాటునే నిలబడేది. అలాంటి మనిషి ఇప్పుడు ఊరందరి ఎదటా, అంత పెద్ద అద్దం వెనక, చెంగు కూడా ముందుకి లాక్కోకుండా కూర్చుంది.

గొలుసు పట్టుకున్నవాళ్లు ఆగిపోయారు. అన్నయ్య పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. గొంతు తగ్గించి, "దిగమ్మా. ఊరంతా చూస్తోంది" అన్నాడు.

"చూడనీరా. అద్దం పెట్టిందే అందుకు" అంది అమ్మ.

అన్నయ్య తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. వాడి మీద నాకు ఆ క్షణాన కోపం లేదు, జాలి కూడా లేదు. చెప్పులు విడిచి ఎక్కాను. నాన్నగారు ఆ బండి చెప్పులతో తోలేవారు కాదు. స్విచ్చి ఎత్తి, కాలితో నొక్కితే ఇంజను ఒక్క పట్టున అందుకుంది. రెండుసార్లు క్లచ్ తొక్కాను, మధ్యలో విన్నాను, గేరు మెత్తగా పడింది. మా ఆయన వెనక తొట్టిలోకి ఎక్కారు, చిట్టియ్య ఆయన వెనకాలే. బండి మునిగిపోతుందని ముందే చెప్తున్నానండి అంటున్నాడు.

రేవులో దిగేటప్పుడు ముక్కు బాగా కిందికి వాలింది. అమ్మ ఒక చేత్తో డ్యాష్‌బోర్డు పట్టుకుంది, రెండో చేత్తో నా మోకాలు. కాలవ అడుగున పెంకులు పటపటమన్నాయి. ఇటు గట్టు రేవు ముందు ఒక గుంటలో ముందు చక్రాలు దిగబడ్డాయి. నేను ముందు చక్రాలకి కూడా బలం అందే మీట వేశాను. నాలుగు చక్రాలూ ఒకేసారి మట్టిని కరిచి పట్టుకున్నాయి. బండి మూలిగింది, ఒరిగింది, ఒక క్షణం అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత గట్టు మీది జనం కనపడ్డారు, దారి ఇస్తూ. ఎవరో పిల్లలు బండి పక్కన పరిగెత్తారు. అన్నయ్య ట్రాక్టరుతో అవతలే ఉండిపోయాడు.

వీధి మలుపు దగ్గర ఆపాను. ఎడమకి తిరిగితే అన్నయ్య ఇల్లు, అమ్మ ఉండే ఇల్లు, నాన్నగారు కట్టించిన ఇల్లు. కుడికి తిరిగితే మా ఊరి దారి. అమ్మ మొహమంతా చెమట, దుమ్ము. అలసిపోయి ఉంటుంది, మందులేసుకునే వేళ కూడా దాటిపోయింది.

"ఇంటి దగ్గర దింపేయనా అమ్మా" అని అడిగాను.

అమ్మ అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తోంది. "నన్ను దింపమని నిన్నెవరడిగారే" అంది.

నేను స్టీరింగు కుడికి తిప్పాను.